గోడ మీద చార్టు బాగుంది, పిల్లలే చదవడం లేదు

ప్రశ్న: నేను మూడో తరగతికి చెబుతాను. క్లాసులో 32 మంది. ట్రైనింగ్‌లో చెప్పిన పఠన వ్యూహాలు ఆరూ (ముందే ఊహించడం, ప్రశ్న వేసుకోవడం, మనసులో బొమ్మ కట్టుకోవడం, తెలిసినదానితో ముడిపెట్టడం, అర్థం కానిచోట ఆగడం, క్లుప్తంగా చెప్పడం) చార్టు మీద రాసి గోడకి పెట్టాను. పిల్లలు ఆరూ గడగడా చెప్పేస్తారు. కానీ పాఠం చదివించి "ఏం జరిగింది?" అంటే నేల చూపులు చూస్తారు. సగం మంది కూడబలుక్కుని చదువుతారు, కొందరైతే బొమ్మ చూసి ఏదో ఒక మాట అనేస్తారు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే బోర్డు మీద ఉన్నదే దించేస్తారు. రోజూ డిక్టేషన్ పెడుతున్నాను, తప్పులన్నీ దిద్దుతున్నాను, లాభం లేదు. సిలబస్ వెనకబడిందని హెడ్మాస్టర్ గారు అంటున్నారు. ఇంట్లో చదివించమని పంపితే చాలామంది తల్లిదండ్రులకి చదువు రాదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సమాధానం:

టీచర్ గారూ, మీ ఉత్తరం చదువుతుంటే మధ్యలో నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి, అది మిమ్మల్ని చూసి వచ్చిన నవ్వు కాదు. అచ్చం అలాంటి చార్టే నా క్లాసులోనూ ఉండేది. రంగు స్కెచ్ పెన్నులతో రెండు ఆదివారాలు కూర్చుని రాశాను. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. పిల్లలు దాన్ని పద్యంలా ఒప్పజెప్పేవాళ్ళు, ఒక పిల్లవాడైతే కళ్ళు మూసుకుని వెనక నుంచి ముందుకి కూడా చెప్పేవాడు, వాడికి ఒత్తులున్న మాట ఒక్కటి కూడా చదవడం రాదని నాకు ఆ సంవత్సరం డిసెంబరులో గానీ తెలియలేదు.

కాబట్టి మొదటి మాట ముందే చెప్పేస్తాను. మీ పిల్లల ఇబ్బంది వ్యూహాలు తక్కువై వచ్చింది కాదు. ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో చూడకుండా 32 మందికీ ఒకే మందు పోస్తున్నాం, అక్కడుంది చిక్కంతా. చార్టు చింపక్కర్లేదు గానీ ఓ నెల రోజులు దాన్ని మర్చిపోండి.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడం అనే పనిని ఒక చిన్న గుణకారంగా రాశారు. అక్షరాలని మాటలుగా మార్చుకోగలగడం ఒకటి, ఆ భాష వింటే అర్థం కావడం ఇంకొకటి, ఈ రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేది చదివి అర్థం చేసుకోవడం. కూడిక అని ఉంటే ఒకటి తక్కువైనా రెండోది ఎంతో కొంత ఆదుకునేది. గుణకారంలో అలా కుదరదు, ఒకవైపు సున్నా ఉంటే జవాబు సున్నాయే. ఎంత తెలివైన పిల్లవాడైనా, ఎన్ని కథలు తెలిసినవాడైనా, అక్షరం దగ్గర ఆగిపోతే ఆ తెలివి కాగితం మీద పని చెయ్యదు. అలాగే ఎంత గడగడా చదివేవాడికైనా ఆ మాటలకి అర్థం తెలియకపోతే వాడు చేసేది చప్పుడే. మీ క్లాసులో ఈ రెండు రకాలూ కలిసి కూర్చున్నారు, బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, ఎందుకంటే "ఏం జరిగింది?" అంటే ఇద్దరూ నేల వైపే చూస్తారు.

వాళ్ళని విడదీసి చూడటానికి పెద్ద పరీక్ష ఏమీ అక్కర్లేదు. పిల్లలు ఇంతవరకు చూడని ఓ పేరా, అరవై డెబ్భై మాటలది, తీసుకోండి. రోజుకి ఎనిమిది మందిని, ఒక్కొక్కరినే మీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి, మిగతావాళ్ళు ఆ టైములో దస్తూరీయో లెక్కలో చేసుకుంటారు. ఎక్కడ ఆగాడు, ఏ అక్షరం దగ్గర తడబడ్డాడు అని ఓ చీటీ మీద గుర్తు పెట్టుకోండి, దిద్దకండి. అయ్యాక "ఏం చదివావు, నాకు చెప్పు" అనండి. తర్వాత, ఇది ముఖ్యం, అలాంటిదే ఇంకో పేరా మీరే చదివి వినిపించి మళ్ళీ అదే మాట అడగండి. తను చదివినప్పుడు తెల్లమొహం వేసి, మీరు చదివితే చక్కగా చెప్పాడంటే వాడి ఇబ్బంది అక్షరాల దగ్గరుంది. మీరు చదివినా, తను చదివినా ఒకేలా తెల్లమొహం వేశాడంటే భాష దగ్గరో, ఆ విషయం దగ్గరో ఉంది. మనిషికి నాలుగైదు నిమిషాలు, నాలుగు రోజుల్లో క్లాసంతా అయిపోతుంది. ఈ నాలుగు రోజులూ సిలబస్ నడవదు, నడవకపోతే ఏం కాదు.

అక్షరాల దగ్గర ఆగినవాళ్ళ సంగతి ముందు. మూడో తరగతికి వచ్చి కూడా ఒత్తులు రావట్లేదని మనం కంగారు పడిపోతాం, పిల్లవాడికి ఏదో లోపం ఉందేమో అని కూడా అనుకుంటాం. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడలో చదువు నేర్చుకునే పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది, అక్షరాలన్నీ పట్టుబడటం మొదటి రెండేళ్ళతో అయిపోదని, నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని అందులో తేలింది. ఆశ్చర్యం ఏముంది, ఇంగ్లీషు పిల్లవాడు ఇరవై ఆరు గుర్తులతో మొదలుపెడితే మనవాడు యాభై పైన అక్షరాలూ, వాటి గుణింతాలూ, వాటి కింద ఒత్తులూ, అన్నీ కలిపి వందల ఆకారాలు గుర్తుపట్టాలి. అందులోనూ అన్నీ ఒకే రకం కాదు. ద ఒత్తు, డ ఒత్తు చూస్తే తలకట్టు తీసేసిన అసలు అక్షరంలాగే ఉంటాయి, వాటిని ఎవరైనా పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం తమ అక్షరాన్ని ఏమాత్రం పోలి ఉండవు. మనం అన్నింటినీ ఒకే వరసలో ఒకే వారంలో దిద్దించి వదిలేస్తాం. ఈ ఆరింటికీ విడిగా టైము ఇవ్వండి, వారానికి ఒకటి. ఆ వారం ఒత్తు ఒక్కటే ఉన్న మాటలు, నాన్న, అన్నం, చిన్న, వెన్న, కన్ను, ఇలా పది పన్నెండు, చదవడం, వినిపిస్తే రాయడం, రెండు పొట్టి వాక్యాల్లో పెట్టి మళ్ళీ చదవడం, అంతే. అక్షరాలే సరిగా రాని ఓ నలుగురైదుగురు తేలతారు, వాళ్ళకి రోజూ పదిహేను నిమిషాలు ఇంకా వెనక్కి వెళ్ళి చెప్పాల్సిందే, దానికి దగ్గరి దారి లేదు. అ నుంచి క్ష దాకా మళ్ళీ మొదలుపెట్టొద్దు, మీ చీటీలో వాడు తడబడిన అక్షరాలు ఉన్నాయి కదా, అవే చెప్పండి. మ, య, వ కలగాపులగం చేసేవాడికి ఆ మూడూ పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తే సరిపోయే చోట, అక్షరమాల మొత్తం వంద సార్లు రాయించి వాడికి చదువంటేనే విసుగు పుట్టిస్తాం.

కూడబలుక్కునే పిల్లల్ని ఇంకో సంగతి ముంచేస్తుంది, మన మాటల పొడవు. "వెళ్ళిపోతున్నప్పుడు" అనేది చూడండి. అక్షరం అక్షరం పట్టుకుని "ప్పుడు" దగ్గరికి వచ్చేసరికి "వెళ్ళి" గాలికి పోతుంది. పెద్ద మాటని ముక్కలుగా చూడటం నేర్పించాలి: వెళ్ళి, పోతున్న, ప్పుడు. బోర్డు మీద రాసి పెన్సిల్ గీతలా సన్నటి గీతలు పెట్టండి, పిల్లలు ముక్క ముక్కగా చదివాక గీతలు చెరిపేసి ఒకే ఊపులో చదివించండి. "వస్తున్నప్పుడు, తింటున్నప్పుడు, ఆడుకుంటున్నప్పుడు" అని పక్కనే రాస్తే చివరి ముక్క వాళ్ళకి ఇక ఎక్కడ కనిపించినా ఒక్క చూపులో తెలిసిపోతుంది. రోజుకి నాలుగు మాటలు, ఐదు నిమిషాలు. నా అనుభవంలో ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు.

బొమ్మ చూసి అనేసేవాళ్ళ గురించి అడిగారు. "రాకపోతే బొమ్మ చూడు, ఏం రాసి ఉంటుందో ఊహించు" అని మనకి ట్రైనింగ్‌లలో చాలాకాలం చెప్పారు, నేనూ చెప్పాను. అది మానేయండి. కథలో తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం మంచిదే, రాసి ఉన్న మాట ఏమిటో ఊహించడం మాత్రం పాడు అలవాటు. కాగితం మీద "గుర్రం" అని ఉంటే బొమ్మ చూసి "గాడిద" అనేవాడు చదవట్లేదు, చదవకుండా తప్పించుకుంటున్నాడు, పైగా తరగతి పెరిగేకొద్దీ పుస్తకాల్లో బొమ్మలు తగ్గిపోతాయి, అప్పుడు వాడి చేతిలో ఏమీ మిగలదు. "బొమ్మ మీద చెయ్యి పెట్టి మూసెయ్యి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చూడు, ముక్కలు చెయ్యి, ఇప్పుడు చెప్పు" అనండి, చెప్పాక చెయ్యి తీసి సరిచూసుకోనివ్వండి.

ఇక ఒకడు లేచి చదవడం, ముప్పై ఒక్క మంది కూర్చుని వినడం (నిజానికి వినరు, తమ వంతు ఏ వాక్యం దగ్గర వస్తుందో లెక్కపెట్టుకుంటూ ఉంటారు). నలభై నిమిషాల పీరియడ్‌ని 32తో భాగించండి, మనిషికి నిమిషం పావు వస్తుంది. రోజుకి నిమిషం పావు చదివి ఎవరికి చదవడం వస్తుంది? అదే జంటలుగా కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు ఇస్తే ఒక్కొక్కరికి పది నిమిషాలు. గోల ఉంటుంది, ఉండనివ్వండి. ముందు మీరు పేరా చదవండి, తర్వాత వాక్యం వాక్యం మీ వెనకే అందరూ, తర్వాత అందరూ కలిసి, ఆ తర్వాత జంటలుగా. ఒకే పేరా మూడు నాలుగు సార్లు చదవడం వల్ల చదువు సాఫీ అవుతుందని శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లోనే రాశాడు, అది ఈ రోజుకీ పనికొస్తోంది. ఒకటే జాగ్రత్త, పిల్లలు నాలుగోసారికి పుస్తకం చూడకుండా చెప్పేస్తుంటారు, అది చదవడం అనుకుని మనం మురిసిపోతాం, అందుకని మధ్యలో ఆపి "ఈ మాట ఎక్కడుందో వేలు పెట్టు" అని ఎవరినో ఒకర్ని అడుగుతుండండి. చాలామంది పిల్లలు ఈ వేలు పెట్టే దగ్గరే దొరికిపోతారు.

ఇప్పుడు రెండో రకం, చదువుతారు గానీ బుర్రకెక్కదు. వీళ్ళని మనమే చాలావరకు తయారు చేశామని నా అనుమానం. ఈ వాక్యం చూడండి: "డుంకలు తెమిరిలో జిమురుకున్నాయి." డుంకలు ఎక్కడ జిమురుకున్నాయి? తెమిరిలో. ఏవి జిమురుకున్నాయి? డుంకలు. రెండుకి రెండు మార్కులు, అర్థం మాత్రం నాకూ తెలియదు, మీకూ తెలియదు, ఎందుకంటే అవన్నీ నేనిప్పుడు పుట్టించిన మాటలు. పాఠం కింద ఉండే ప్రశ్నల్లో చాలా వాటికి ఇలాగే జవాబు రాయొచ్చు, పిల్లలు అది కనిపెట్టేశారు, ప్రశ్నలోని మాట పాఠంలో ఎక్కడుందో వెతికి ఆ లైను దించేస్తారు. డొలోరెస్ డర్కిన్ అనే ఆవిడ అమెరికాలో నాలుగో తరగతి గదుల్లో కూర్చుని రీడింగ్ పీరియడ్లు గమనించి 1978లో ప్రచురించింది: 4,469 నిమిషాల్లో పిల్లలకి అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పింది ఇరవై నిమిషాలు. మిగతా టైములో చాలా భాగం ప్రశ్నలడగడం, రాయించడం, దిద్దడం. అంటే నేర్పకుండా పరీక్ష పెట్టడం. మన పీరియడ్లలో కూర్చుని అలా గడియారం పట్టుకుంటే ఎంత వస్తుందో ఆలోచించడానికే నాకు భయం.

నేర్పడం అంటే మన బుర్రలో జరిగేది పైకి వినిపించేలా చెయ్యడం. ఉదాహరణకి ఈ మూడు వాక్యాలు: "వాన మొదలైంది. రాజు గొడుగు తీసి తెరిచి చూశాడు. నిట్టూర్చి దాన్ని మూలన పెట్టేసి, అట్టముక్క ఒకటి నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు." మీరు ఇది పైకి చదువుతూ, ఆగి, మీలో మీరు అనుకున్నట్టే అనండి: "వాన పడుతోంది, గొడుగు చేతిలో ఉంది, మరి మళ్ళీ మూలన పెడతాడేంటి? ఏదో తేడాగా ఉంది, వెనక్కి వెళ్ళి చూద్దాం. తెరిచి చూశాడు, నిట్టూర్చాడు. ఓహో, తెరిచాక ఏదో కనిపించి ఉంటుంది. చిరిగిపోయిందా? ఊచ విరిగిందా? చిరిగిందని ఇక్కడ ఎక్కడా రాయలేదు, కానీ లేకపోతే అట్టముక్క ఎందుకు?" ఇంతే. ఇందులో మీ చార్టులో ఉన్నవాటిలో నాలుగు వచ్చేశాయి, ఒక్కదాని పేరు కూడా ఎత్తలేదు. ఇలా రోజూ ఓ పేరా ఒక వారం రోజులు మీరు చేసి చూపించండి. రెండో వారం మీరు మొదలుపెట్టి మధ్యలో ఆపి "ఇక్కడ నాకు ఏదో తేడాగా అనిపిస్తోంది, మీకు?" అని వాళ్ళకి వదలండి. మూడో వారం జంటల్లో ఒకరు చదివితే రెండోవాళ్ళు ఆపే పని చేస్తారు. పిల్లలకి ఆపడం అంటే భలే సరదా, టీచర్‌ని ఆపే అవకాశం ఇస్తే ఇంకా.

ఒకేసారి ఆరు వ్యూహాలు వద్దు. ఒక్కటి ఎంచుకోమంటే నేను "అర్థం కానిచోట ఆగడం" ఎంచుకుంటాను, ఎందుకంటే చాలామంది పిల్లలకి తమకి అర్థం కావట్లేదన్న సంగతే తెలియదు, చదవడం అంటే చివరి లైను దాకా చేరడం అనుకుంటారు. అది వచ్చాక క్లుప్తంగా చెప్పడం. మిగతావి వాటంతటవే వెనకొస్తాయి, రాకపోతే అప్పుడు చూద్దాం. ఈ వ్యూహాలన్నింటికీ ప్రాణం పోసిన ప్రయోగాల్లో ఒకటి 1984లో పాలింక్సర్, బ్రౌన్ అనే ఇద్దరు చేసింది, పిల్లలే వంతులవారీగా టీచరులా కూర్చుని ప్రశ్న వెయ్యడం, క్లుప్తంగా చెప్పడం, అర్థం కానిది విడమరచడం, తర్వాత ఏమొస్తుందో ఊహించడం. మంచి ఫలితం వచ్చింది. కానీ ట్రైనింగ్‌లలో చెప్పడం మర్చిపోయేది ఏమిటంటే, వాళ్ళు తీసుకున్నది ఏడో తరగతి పిల్లల్ని, పైగా అక్షరాలు బాగానే చదవగలిగి అర్థం దగ్గర మాత్రమే వెనకబడ్డవాళ్ళని. అదే మందు మూడో తరగతిలో ఒత్తులు రాని పిల్లవాడికి వేస్తే ఏం పని చేస్తుంది?

అర్థం కాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఆ విషయమే తెలియకపోవడం. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు 64 మంది పిల్లలకి బేస్‌బాల్ ఆట గురించి ఓ వ్యాసం ఇచ్చి, చదివాక జరిగినదంతా చెక్క బొమ్మలతో చూపించమన్నారు. బాగా చదవగలిగి ఆట తెలియనివాళ్ళ కంటే, చదువులో వెనకబడి ఆట బాగా తెలిసినవాళ్ళే నయంగా చేశారు. కాబట్టి నదుల గురించి పాఠం చెప్పే ముందు రోజు నదుల గురించి పది నిమిషాలు మాట్లాడండి, వాళ్ళు చదవగలిగే స్థాయి కంటే కాస్త పైనున్న పుస్తకం ఏదైనా రోజూ మీరే చదివి వినిపించండి. చదవడం రాని పిల్లవాడు కూడా వినగలడు, వాడికి మాటలు, సంగతులు అలాగే పోగవుతాయి, అక్షరాలు వచ్చే రోజుకి అవి చేతిలో ఉండాలి కదా. పదిహేను నిమిషాలు. ఏ పీరియడ్ మానేసినా ఇది మానొద్దు.

రాయడం గురించి. పిల్లలు బోర్డు మీదది దించేస్తారంటే సోమరితనం అనుకోకండి, దించడం తప్ప ఇంకేం చెయ్యాలో వాళ్ళకి మనం చూపించలేదు. సొంతంగా రాసే పిల్లవాడి మీద ఒకేసారి ఎన్ని పనులు పడతాయో చూడండి, ఏం చెప్పాలి, ఏ మాటతో చెప్పాలి, ఆ మాట ఎలా రాయాలి, ఈ అక్షరానికి ఒత్తు ఏది, పెన్సిల్ ముక్క జారిపోతోంది, పక్కవాడు అప్పుడే రెండు లైన్లు రాసేశాడు. అందుకని ముందు నోటితో రాయించండి. జంటలో పక్కవాడికి చెప్పాలి, రెండుసార్లు చెప్పాలి, అప్పుడే పెన్సిల్ పట్టాలి. చెప్పినప్పుడు ఇంట్లో మాట్లాడే మాటతీరులోనే చెప్తారు, అలాగే రాయనివ్వండి. పుస్తకాల భాషలోకి మార్చడం తర్వాత నేర్చుకునే పని, మొదటి రోజే "అలా అనకూడదు" అంటే రెండో రోజు వాడి దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

"మా బడి", "నా గురించి" లాంటివి కొన్నాళ్ళు పక్కన పెట్టండి, అవి బట్టీకి పుట్టిన టాపిక్కులు. ఇవాళ పొద్దున క్లాసులోకి పిచ్చుక వచ్చి ఫ్యాన్ మీద వాలింది కదా, అది రాయమనండి. అది కూడా మూడు వాక్యాలే. ముందు మీరే బోర్డు మీద రాయండి, రాస్తూ తడబడండి, ఓ మాట కొట్టేసి ఇంకోటి పెట్టండి, "ఇది బాగా లేదు, 'వచ్చింది' కంటే 'దూసుకొచ్చింది' బాగుంటుందా?" అని అడగండి. పెద్దవాళ్ళు ఒక్కసారిగా తప్పుల్లేకుండా రాసేస్తారని పిల్లలు నమ్ముతారు, ఎందుకంటే మనం రాసేటప్పుడు వాళ్ళకి కనిపించేది ఎప్పుడూ పూర్తయిన బోర్డే. అయ్యాక మీరు రాసింది చెరిపెయ్యండి, లేకపోతే 32 నోట్సుల్లోనూ మీ పిచ్చుకే ఉంటుంది.

వాక్యం దగ్గర చెయ్యాల్సిన పని చాలా ఉంది, మనం దాన్ని దాటేసి పేరా, వ్యాసం అంటాం. పిల్లలు ఇలా రాస్తారు: "రాజు గొడుగు తీశాడు. రాజు చూశాడు. రాజు నిట్టూర్చాడు. రాజు గొడుగు మూలన పెట్టాడు." దీన్ని ఒకే వాక్యంలో కలపమనండి. తీసి, చూసి, నిట్టూర్చి, మూలన పెట్టాడు. ఇది మన భాషలో ఉన్న గొప్ప సదుపాయం, నోటితో అయితే నాలుగేళ్ళ పిల్లలు కూడా ఇలాగే మాట్లాడతారు, కాగితం మీదే ముక్కలవుతుంది. "అసమాపక క్రియ" అని పేరు చెప్పక్కర్లేదు, రోజుకి ఒక్క కలపడం చాలు. ఇంకో రోజు ఒకే మొదలు ఇచ్చి మూడు రకాలుగా ముగించమనండి: రాజు గొడుగు వదిలేసి వెళ్ళాడు, ఎందుకంటే... రాజు గొడుగు వదిలేసి వెళ్ళాడు, కానీ... రాజు గొడుగు వదిలేసి వెళ్ళాడు, అందుకే... ఈ మూడూ సరిగ్గా ముగించాలంటే కథ అర్థమై తీరాలి, "ఎందుకంటే" తర్వాత రాయాల్సింది పాఠంలో ఎక్కడా దొరకదు, దించడానికి ఏమీ లేదు. నేను పాఠం అయ్యాక పెట్టే పరీక్ష చాలాసార్లు ఇదొక్కటే. చదివినదాని గురించి రాస్తే చదివింది ఇంకా బాగా అర్థమవుతుందని పరిశోధనలు కూడా చెప్తున్నాయి, కాబట్టి రైటింగ్ పీరియడ్ వేరు, రీడింగ్ పీరియడ్ వేరు అని గోడ కట్టుకోకండి.

తప్పులన్నీ దిద్దుతున్నానన్నారు. ఇక్కడ నా బాగోతం ఒకటి చెప్తాను. ఒక పాప తన కుక్కపిల్ల తప్పిపోయిన సంగతి పేజీన్నర రాసింది, మూడో తరగతిలో పేజీన్నర. నేను శ్రద్ధగా పదిహేడు చోట్ల ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చాను, కుక్క దొరికిందా అని మాత్రం అడగలేదు. ఆ తర్వాత వారం ఆ పాప నాలుగు లైన్లు రాసింది, ఒక్క తప్పు లేదు. "కుక్క మంచిది. కుక్క పాలు తాగును." తప్పు రాదని ఖాయంగా తెలిసిన మాటలే ఏరుకుని రాసింది. మళ్ళీ ఆ పేజీన్నర రాయించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను, ముందు రాసినదానికి జవాబు చెప్పాలి (దొరికిందా? ఎక్కడ?), తర్వాత ఒకే ఒక్క రకం తప్పు దిద్దాలి, అది కూడా ఆ వారం మనం నేర్పిన ఒత్తో, దీర్ఘమో అయితేనే. మిగతావి కనిపించినా చూడనట్టు ఊరుకోండి. మొదట్లో చెయ్యి లాగుతుంది, అలవాటవుతుంది.

డిక్టేషన్ మానక్కర్లేదు, తీరు మార్చండి చాలు. పాఠంలోంచి ఇరవై కష్టమైన మాటలు ఏరి రాయిస్తే వచ్చినవాడికి వస్తాయి, రానివాడికి రావు, ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఈ వారం న ఒత్తు చెబుతుంటే న ఒత్తు మాటలు ఆరు, వాటితో ఒక వాక్యం, ఐదు నిమిషాల్లో అయిపోవాలి. వెంటనే మీరు బోర్డు మీద రాస్తే తన తప్పు తనే దిద్దుకోవాలి, మార్కులు లేవు. చూచిరాతకి దస్తూరీ బాగుపడుతుంది, అంతకుమించి దాని నుంచి ఏమీ ఆశించకండి.

హెడ్మాస్టర్ గారి మాట. ఆయన మీద కోపం వద్దు, ఆయన్ని పైనుంచి అడిగేవాళ్ళు ఆయనకుంటారు. పైన చెప్పినవాటిలో దేనికీ వేరే పుస్తకం అక్కర్లేదు, పాఠ్యపుస్తకంలో పాఠంతోనే చెయ్యొచ్చు. పాఠం మొత్తం లోతుగా కాకుండా అందులో ఒక పేరా ఎంచుకుని దాని మీద ఈ పనంతా చేసి, మిగతాది మీరు చదివి వినిపించి ముందుకి సాగిపోండి. కింద ఎనిమిది ప్రశ్నలుంటే డుంకల రకంవి వదిలేసి రెండు చేయించండి. మొదటి నాలుగు రోజుల చీటీలు మాత్రం దాచుకోండి, రెండు నెలల తర్వాత అదే పేరా మళ్ళీ చదివించి రెండు చీటీలూ ఆయన ముందు పెట్టండి, ఎంతమంది సిలబస్ పూర్తి చేశారన్న లెక్క కంటే అది ఆయనకి పైవాళ్ళ దగ్గర ఎక్కువ పనికొస్తుంది.

ఇంట్లోవాళ్ళకి చదువు రాదన్నారు. వాళ్ళని చదివించమని అడగకండి, వినమని అడగండి. వినడానికి చదువు అక్కర్లేదు. క్లాసులో మూడు నాలుగు సార్లు చదివిన పేరానే ఇంటికి పంపండి, కొత్తది వద్దు, తడబడితే సాయం చేసేవాళ్ళు అక్కడ ఉండరు. పిల్లవాడు చదివాక పుస్తకం మూసి అమ్మకో నాన్నమ్మకో తన మాటల్లో చెప్పాలి, వాళ్ళు చెయ్యాల్సింది మధ్యలో "తర్వాత?" అనడం, నమ్మబుద్ధి కాకపోతే "అదేంటి, గొడుగుండగా అట్టముక్క ఎందుకు?" అని నిలదీయడం. ఓ పదిమంది తల్లుల్ని పిలిచి ఒక్క పిల్లవాడితో ఇది చేసి చూపించండి, పావుగంట పని. నిలదీయడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.